ఎడమ కొసన పన్నెండు కిలోలు

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
జూన్ 16

ఇంద్రా,

నువ్వు క్యాంపుకి వెళ్ళి పదిహేను రోజులైంది. నీ క్వార్టరు తలుపు ముందు నుంచే రోజూ డ్యూటీకి వెళ్తున్నాను. చిన్నప్పటి నుంచి పక్కపక్క ఇళ్ళలో పెరిగాం కదా, తాళం చూస్తే నాకేదోలా ఉంది.

అసలు సంగతి చెబుతాను. మన రైల్వే వంతెనల విభాగంలో జూనియర్ ఇంజనీరు పరీక్షకి నోటీసు వచ్చింది. రాతపరీక్ష నవంబరులో. ఖాళీ ఒక్కటే. రెండు మూడు ఉంటాయని నువ్వు చెబితే నమ్మి సంతోషపడ్డాను. నాకిది మూడోసారి. ఈసారీ తప్పితే చేతిలో స్పానరుతోనే రిటైరవుతాను. నువ్వు మొదటిసారి రాస్తున్నావు, నీకేం తొందర అని అడగాలనిపించింది. అడగనులే.

తాల్‌బగీచాలో అనంతరామయ్య మాస్టారి ఆదివారం పాఠాలు మొదలయ్యాయి. డ్రాయింగాఫీసులో ముప్ఫై ఏళ్ళు గీసిన మనిషికి ఇప్పుడు కళ్ళలో శుక్లాలు ముదిరాయి. లెక్క నోటితో చెబితే నేను రాసుకుని నీకు పంపాలట. ఫోటో తీసి పంపేస్తానంటే ఒప్పుకోలేదు. “ఫోటో సూస్తే కంటికి తెలస్తాది గానీ సేతికి తెలీదమ్మా. పెన్సిలుతో బొమ్మ గీసి పంపు. ఆ పిల్లా గీసే పంపాల” అన్నారు. నువ్వు జవాబును కవర్లో పెట్టి, రైలు గార్డు జెర్రీ అన్న చేతికిస్తే ఆయన నేరుగా మాస్టారికి అందిస్తాడు. భూతద్దం పెట్టుకుని మాస్టారే చదువుకుంటారట.

పలక నీకు గుర్తుందిగా? అదే ఆరడుగుల టేకు పలక, అవే రెండు తూకం మిషన్లు. బరువు కూడా అదే, మాస్టారి భార్య బాలాంబగారి రుబ్బురోలు. మొదటి లెక్క ఇది. రెండు కొసల కింద రెండు మిషన్లు. రోలు ముప్ఫై కిలోలు, ఎడమ కొస నుంచి రెండడుగుల దూరంలో. ఏ మిషను ఎంత చూపిస్తుంది? నువ్వు కాగితం మీద చెప్పాలి, ఆ తరవాతే మాస్టారు రోలెత్తిస్తారు.

మీనక్క

—

బాలేశ్వర్ దగ్గర, వంతెన క్యాంపు
జూన్ 29

మీనక్కా,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ పొద్దున్నే గర్డర్ల కింద బేరింగులు తుడిచి గ్రీజు పెట్టడం, సాయంత్రం నది మట్టం రాయడం. వర్షాలు తగ్గేదాకా సెలవు ఇవ్వరట. నువ్వు ఆదివారం ఆదివారం ఆ వరండాలో కూర్చుంటున్నావు. నీ అంత అదృష్టం నాకు లేదు. ఈ మాట కుళ్ళుకునే రాస్తున్నాను.

జవాబు మాస్టారికి పంపాను. ఎడమ మిషను ఇరవై ఆరు, కుడి మిషను పదహారు. ముందు రోలు ఒక్కటే లెక్కగట్టి ఇరవై, పది అని వేసేశాను. కవరు అంటించబోతూ ఉంటే పలకకి కూడా బరువుంటుందని గుర్తొచ్చింది. అది పన్నెండు కిలోలని కిందటేడాది ఆయనే తూచి చూపించారు కదా. చెరో ఆరూ కలిపాను. నాకు ఎప్పుడూ ఇదే తెగులు, పైనున్న బరువు కనిపిస్తే కిందున్నది మరచిపోతాను.

నాకు మొమెంటు అంటే ఏమిటో మొదట చెప్పింది నువ్వు. మీ వంటింటి తలుపును బందు దగ్గర నెట్టమన్నావు, తరవాత గడియ దగ్గర నెట్టమన్నావు, దూరం పెరిగితే అదే బలం ఎక్కువ తిప్పుతుందని చూపించావు. ఇవాళ లెక్క చేస్తుంటే ఆ తలుపే కళ్ళముందు కనిపించింది.

నీ
ఇంద్ర

—

నిమ్‌పురా
జూలై 14

ఇంద్రా,

నీ కవరును మాస్టారు పదిమంది ముందూ చదివారు. పది మందిలో ఎనిమిది మందిమి పలక బరువు మరచిపోయాం. ఆ ఎనిమిది మందిలో నేనూ ఉన్నాను, మూడేళ్ళుగా ఆ పలక చుట్టూ తిరుగుతున్నదాన్ని. రోలెత్తి పెడితే మిషన్లు ఇరవై ఆరు, పదహారే చూపించాయి. “సూసినారా, మా ఇంద్ర అక్కడెక్కడో కూకుని ఇక్కడి తూకం సెప్పీసినాది” అన్నారు మాస్టారు. మా ఇంద్ర అట. నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా మీన అనలేదు.

బాలాంబగారు సరేసరి. బజ్జీల పళ్ళెం నా ముందు పెడుతూ, “ఇంద్ర ఏటి తింటన్నాదో, ఎవులు వొండుతన్నారో పాపం” అన్నారు. నా నోట్లో బజ్జీ ఉండగానే అన్నారు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన ఉదయభాను, “ఏటే, లెక్కలకి కూడా సవితి పోరేటి?” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నిన్ను ఆ వరండా మెట్లెక్కించింది నేను. నువ్వు భయపడుతుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆ ఇంట్లో నీ పేరు తప్ప వేరే మాట లేదు. కడుపు మండుతోంది అని రాస్తే బాగుండదు, కానీ రాయక ఏం చెయ్యను.

సరే, ఈ వారం లెక్క. ఎడమ మిషను పలక ఎడమ కొస కిందే ఉంటుంది. కుడి మిషను మాత్రం కొస కింద కాదు, ఎడమ నుంచి నాలుగడుగుల దగ్గర. అంటే కుడివైపు రెండడుగుల పలక గాల్లో ఉంటుంది. రోలు కుడి కొస చివర. బొమ్మ వేరే కాగితం మీద గీశాను. గోల్‌బజార్‌లో కొన్న రబ్బరు ఉత్త దండగ, ఒకచోట మరక చేసింది. పట్టించుకోకు.

మీనక్క

—

వంతెన క్యాంపు
ఆగస్టు 4

మీనక్కా,

ఈ లెక్క నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టింది. ఎడమ మిషను మీద మైనస్ వస్తోంది. తప్పు చేశానేమోనని నాలుగుసార్లు తిరగవేశాను. మొదటిసారి మళ్ళీ పలక బరువు మరచిపోయి మైనస్ పదిహేను వేశాను. తరవాత సరిగ్గా చేశాను. ఎడమ కొస చుట్టూ మొమెంట్లు తీసుకుంటే, అంటే ఒక్కో బరువునీ దాని దూరంతో గుణిస్తే, రోలు ముప్ఫై ఇంటూ ఆరు నూట ఎనభై. పలక పన్నెండు ఇంటూ మూడు ముప్ఫై ఆరు. మొత్తం రెండు వందల పదహారు. దాన్ని నాలుగడుగులతో భాగిస్తే కుడి మిషను యాభై నాలుగు. ఉన్న బరువంతా కలిపితే నలభై రెండే. అంటే ఎడమవైపు మైనస్ పన్నెండు.

మిషను మైనస్ చూపించదు కదా. కాబట్టి ఎడమ మిషను ఏమీ మోయడం లేదని, పలక ఆ కొసన పైకి లేస్తుందని రాశాను. రోలు కింద పడకూడదంటే ఎవరో ఒకరు ఎడమ కొసను పన్నెండు కిలోల బలంతో కిందికి నొక్కి పట్టుకోవాలి. ఇలాంటి లెక్క మాస్టారు ఇదివరకు ఇవ్వలేదు. కష్టమైనది ఇచ్చారని గర్వంగా కూడా ఉంది.

కవరు జెర్రీ అన్నకి ఇచ్చాను. నువ్వేం జవాబు వేశావో రాయి.

ఇంద్ర

—

నిమ్‌పురా
ఆగస్టు 19

ఇంద్రా,

మాస్టారు నీ జవాబు చూశారు. బాగుందన్నారు. ఇక్కడ వర్షాలు. ఓవర్‌టైము పడుతోంది. ఈ వారం లెక్క లేదు.

మీన

—

వంతెన క్యాంపు
సెప్టెంబరు 8

మీనక్కా,

నీ ఉత్తరంలో మూడు ముక్కలు కూడా లేవు. తరవాత రెండు ఆదివారాలు లెక్క రాలేదు. ఫోను చేస్తే ఎత్తడం లేదు. జెర్రీ అన్నని నిలదీస్తే ఆయన చెప్పాడు, మాస్టారి వరండాలో పలక లేచి నీ మణికట్టుకి తగిలిందట, రోలు పడి గులాబీ కుండీ పగిలిందట. “మీనాకి సెయ్యి వాసిపోనాది, అయినా పలక ఒదల్లేదు” అన్నాడు. ఇంత జరిగితే నాకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

లెక్కలు పంపకపోతే పోనీ. చెయ్యి ఎలా ఉందో రాయి. నా మీద కోపమైతే కోపమని రాయి. పరీక్ష రెండు నెలల్లో ఉంది. నువ్వు అక్కడ వారం వారం నేర్చుకుంటుంటే నేనిక్కడ పాత లెక్కలే తిరగేస్తున్నాను. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే ఊరుకుంటున్నావా అని అడుగుతున్నాను.

ఇంద్ర

—

నిమ్‌పురా
అక్టోబరు 20

ఇంద్రా,

దుర్గాపూజ అయిపోయింది. పందిళ్ళు విప్పుతున్నారు. ఇక ఈ ఉత్తరం రాయకుండా ఉండడం నా వల్ల కాదు.

జూలైలో నీకు పంపిన లెక్క మాస్టారిది కాదు. ఆయన రోలును ఎడమ నుంచి రెండడుగుల దగ్గర పెట్టమన్నారు. నేను ముందు అలాగే గీశాను. తరవాత రబ్బరు తీసుకుని రోలును చెరిపి, కుడి కొసకి జరిపాను. నువ్వు తప్పు జవాబు పంపుతావు, పదిమంది ముందూ నీ పేరు పోతుంది అనుకున్నాను. కావాలనే చేశాను. ఆ రోజు బజ్జీ తింటూ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నువ్వంటే నాకు ప్రాణం. అయినా నీ మీద ఒళ్ళు మండిపోయింది. రెండూ నిజమే.

నీ కవరు వచ్చిన ఆదివారం మాస్టారు దాన్ని వరండాలో విప్పారు. ఏదో కాగితాన్ని చాలాసేపు బొటనవేలితో తడుముతూ కూర్చున్నారు. కళ్ళు కనబడక కాబోలు అనుకున్నాను. తరవాత, “మీనా, ఈ లెక్క నాది కాదు కదేటి?” అన్నారు. నేను తడుముకోకుండా, “ఇంద్ర తప్పుగా సదువుకున్నట్టున్నాది మాస్టారూ” అన్నాను. చూశావా, చేసిన పని చాలక నిందా నీ మీదే వేశాను. ఆయన, “అయితే ఇదే సేసి సూద్దాం. రోలు కొసన పెట్టు” అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు పట్టి పెట్టారు. వాళ్ళు చేతులు తీశారో లేదో పలక లేచి నా మణికట్టుకి తగిలింది. రోలు దొర్లిపోయింది. బాలాంబగారు లోపలి నుంచి వచ్చి, “నా రోలూ, నా కుండీ, రెండూ కావలిసొచ్చినాయేటి మీ సదువుకి?” అని తిట్టారు.

అప్పుడు మాస్టారు నన్ను ఎడమ కొస పట్టుకోమన్నారు. మళ్ళీ రోలు పెట్టించారు. అరచేతుల కింద పలక పైకి తోస్తూనే ఉంది, నేను నొక్కుతూనే ఉన్నాను. ఎడమ మిషను సున్నా, కుడి మిషను యాభై నాలుగు. నువ్వు రాసినదే. “లెక్క మారిపోనాది గానీ జవాబు తప్పనేదు. ఆ పిల్ల గట్టిది” అన్నారు. నీ పేరు పోగొట్టాలని చేసిన పని వల్ల ఆ వరండాలో నీ పేరు ఇంకా పెరిగింది.

అంతటితో అయిపోలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఎడమ కొస నాదే. రోలును అక్కడికి జరుపుతారు, ఇక్కడికి జరుపుతారు, మిషను ముందుకు తోస్తారు. “ఇప్పుడు ఎంత నొక్కుతన్నావు? ముందు నోటితో సెప్పు, తరవాత మిషను సూద్దాం” అంటారు. రోలు లేకుండా పలక ఒక్కటే పెట్టి కూడా పట్టుకోమంటారు. ఎందుకు నన్నే అంటే చెప్పరు. పది మందీ చూస్తుండగా రెండు నెలలుగా ఆ పలక పట్టుకుని నిలబడ్డాను.

ఈ వారాల్లో వచ్చిన లెక్కలన్నీ ఇందులో పెట్టాను. ఏదీ మార్చలేదు. నువ్వు నమ్మకపోయినా తప్పు నీది కాదు. మాస్టారికి ఇంకా నిజం చెప్పలేదు. ముందు నీకు చెప్పాలనిపించింది. నన్ను తిట్టు, కానీ జవాబు రాయి.

మీన

—

వంతెన క్యాంపు
డిసెంబరు 22

మీనక్కా,

రెండు నెలలు జవాబు రాయలేదు. పరీక్షకి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు కూడా పరీక్ష హాలు వరండాలో నువ్వు ఆ చివర, నేను ఈ చివర నిలబడ్డాం. నువ్వు రెండుసార్లు నా వైపు చూశావు. నేను హాల్ టికెట్టు చదువుకుంటున్నట్టు నటించాను. దానికి కారణం నువ్వు అనుకునేది కాదు.

రోలు జరిపావని నాకు ఆగస్టులోనే తెలుసు.

నీ బొమ్మ కాగితాన్ని కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే రెండడుగుల దగ్గర పెన్సిలు గాడి కనబడింది. నువ్వు పెన్సిలు ఎంత నొక్కి పట్టుకుంటావో నాకు తెలియదా? రబ్బరు నలుపును చెరుపుతుంది గానీ గాడిని చెరపలేదు. ఆ రోజే రెండు లెక్కలూ చేశాను. మాస్టారి లెక్కకి జవాబు ఎడమ పద్దెనిమిది, కుడి ఇరవై నాలుగు. నేను ఆ రెండు లెక్కలూ వేసిన కాగితం ఇన్నాళ్ళూ నా పెట్టెలోనే ఉంది. దీంతో పాటు పంపుతున్నాను, మీద ఆ రోజు తారీఖు ఉంది చూడు.

అక్కా, రోలు జరిగిపోయిందే అని నీకు ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. ఏమీ ఎరగనట్టు, గర్వంగా ఉందని కూడా రాశాను. మాస్టారికి పంపిన కవర్లో నా జవాబుతో పాటు నీ బొమ్మ కాగితం కూడా పెట్టాను. గాడి ఉన్న చోట చిన్న చుక్క పెట్టాను. నువ్వు చేసింది ఆయన చూడాలని. ఆయన వేలితో తడిమింది ఆ కాగితమే. నువ్వు నా మీద నింద వేసినప్పుడు నీ అబద్ధం ఆయన చేతిలోనే ఉంది. అక్కా అక్కా అని రాస్తూ నీకు గొయ్యి తవ్వాను. మూడేళ్ళుగా మాస్టారి పక్కన నువ్వు కూర్చుంటావు, బోర్డు నువ్వు తుడుస్తావు, రోలు ఎక్కడ పెట్టాలో నీకే చెబుతారు. ఆ చోటు నాకు కావాలి అనిపించేది. నేను దూరంగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా అనిపించింది. నువ్వు నీ కడుపుమంటను కాగితం మీద పెట్టావు. నేను నాదాన్ని ముద్దు మాటల్లో చుట్టి పంపాను.

నీ అక్టోబరు ఉత్తరం చదివాక ఈ మాటలన్నీ రాయాలని కూర్చున్నాను. పరీక్ష ముందు రాస్తే నీ మనసు చెదురుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నువ్వు తప్పు చేశాననే బాధతోనే పరీక్షకి రావాలని నా లోపల ఎక్కడో ఉంది.

నిన్న ఆఫీసు నోటీసుబోర్డు మీద నీ పేరు పెట్టారట, జెర్రీ అన్న చెప్పాడు. జూనియర్ ఇంజనీరు మీనాకుమారి. విన్నాక ఆ పూట నేను అన్నం తినలేదు. నా మార్కులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. ఆరో ప్రశ్న. ఒక కొస గాల్లో ఉన్న గర్డరు, చివర బరువు. చూడగానే ఇది నా లెక్కే అని గబగబా వేసేశాను. గర్డరు సొంత బరువు మొదటి వాక్యంలోనే ఇచ్చాడు. నేను దాన్ని వదిలేశాను. హాలు బయటికొచ్చి నీళ్ళు తాగుతుంటే గుర్తొచ్చింది.

నువ్వు వదిలి ఉండవు. రెండు నెలలు ఆ పలక బరువును చేతులతో పట్టుకున్నావు. నేను నీ బొమ్మ కాగితం మాస్టారికి పంపకపోతే ఆయన నిన్ను ఆ కొసన నిలబెట్టేవారు కాదు. నిన్ను కిందికి లాగాలని నేను చేసిన పనితోనే నీకు ఉద్యోగం వచ్చింది. దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

నాకు కుళ్ళుగా ఉంది అక్కా. ఈసారి ముద్దు మాటలు కలపకుండా రాస్తున్నాను.

ఇంద్ర

—

నిమ్‌పురా
జనవరి 5

ఇంద్రా,

నీ ఉత్తరం చదివి ముందు కాగితాన్ని నలిపి పారేశాను. తరవాత వెతికి తీసి సాపు చేసుకున్నాను. నువ్వు అలా చేస్తావని నేను ఎప్పుడూ అనుకోలేదు. నేను అలా చేస్తానని నువ్వూ అనుకుని ఉండవు.

ఆరో ప్రశ్నలో గర్డరు బరువు కలిపాను. నువ్వన్నది నిజమే. ప్రశ్న చదువుతుంటే అరచేతులు తిమ్మిరెక్కాయి.

పరీక్ష ముందు రోజే మాస్టారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. ఆయన భూతద్దం తుడుచుకుంటూ, “ఆగస్టులోనే తెలుసమ్మా నాకు. నీకెప్పుడు తెలస్తాదా అని సూస్తన్నాను” అన్నారు. బాలాంబగారు మాత్రం కుండీ సంగతి ఇంకా వదల్లేదు. గోల్‌బజార్ నుంచి కొత్తది తెచ్చి ఇచ్చాను. దాని పక్కనే ఇంకో కుండీకి చోటుంది అన్నారు. రెండోది నువ్వు తేవాలట. అంటే ఆవిడకీ అంతా తెలుసు.

మాస్టారు నీకు పలక మీద ఇంకా నలభై లెక్కలు ఉన్నాయన్నారు. వచ్చే ఏడాది మళ్ళీ ఒక ఖాళీ వస్తుంది. ఎవరి చేత పంపించాలి అని అడిగితే, “నువ్వే పంపు, ఇంకెవులు పంపుతారు” అన్నారు. నువ్వు పాసైతే నా పక్క కుర్చీలోకి వస్తావు, బహుశా నాకంటే ముందు పైకి పోతావు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ లోపల చురుక్కుమంటోంది. అది పోయిందని అబద్ధం చెప్పను.

మొదటి లెక్క వెనకపేజీలో ఉంది. మాస్టారు పెన్సిలుతో గీయమన్నారు, నేను వినలేదు. ఈసారి బొమ్మ పెన్నుతో గీశాను.

మీనక్క